కుర్చీల్లేని హోటల్లో అమ్మ దోసె

ఆ హోటల్ తెరిచిన వారం దాకా మా కొత్తవాడలో అందరూ అనుకున్నది ఒకటే, కుర్చీలు ఇంకా రాలేదని. ఆర్డరు తీసుకున్న వడ్రంగి మోసం చేశాడని ఒకరన్నారు. కాదు, కాజీపేటలో గూడ్సు బండిలోనే ఉండిపోయాయని ఇంకొకరు కళ్ళారా చూసినట్టు చెప్పారు. అసలు కుర్చీలు వేసే ఉద్దేశమే లేదట అని తెలిసిన రోజు మా నాయనమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"నిలబడి తింటరా ఎవలన్న? మనుషులా, గొడ్లా?" అంది.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. నేను ఇంటర్ చదువుతున్నాను. హన్మకొండ చౌరస్తాలో, బస్సులు ఆగే చోటుకు సరిగ్గా ఎదురుగా పెట్టారు ఆ హోటల్. అంతకుముందు మాకు తెలిసిన హోటళ్ళు వేరు. పొగచూరిన గోడలు, జిడ్డు బల్లలు, భుజాన తువ్వాలేసుకుని ఒక్క చేత్తో ఆరు గ్లాసులు పట్టుకొచ్చే సర్వర్లు. ఆడవాళ్ళు వస్తే గిస్తే వెనక పరదా కట్టిన గదిలో కూర్చోవాలి. మా వాడ ఆడవాళ్ళు ఆ పరదా వెనక్కి కూడా వెళ్ళేవాళ్ళు కాదు. హోటల్లో తినే ఆడదంటే ఇంట్లో పొయ్యి వెలిగించడం చేతకానిదని లెక్క. ఈ కొత్త హోటల్లో పరదా లేదు, సర్వర్ లేడు. ఛాతీ ఎత్తున గుండ్రటి రాతి బల్లలు, వంటగదికి అద్దాల గోడ, ముందొక కౌంటర్. అక్కడ డబ్బులిస్తే నంబరు వేసిన టోకెన్ ఇస్తారు. నంబరు పిలిచినప్పుడు వెళ్ళి ప్లేటు తెచ్చుకుని, బల్ల దగ్గర నిలబడి తిని వెళ్ళిపోవాలి.

కాలేజీ నుంచి వస్తూ బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఆ అద్దాల్లోంచి లోపలికి చూస్తుండేదాన్ని. సినిమా కూడా అంత బాగుండేది కాదు. ఒకరోజు మక్కలు అమ్ముకుని వచ్చిన రైతు ఒకాయన ప్లేటు తీసుకుని, నాలుగు వైపులా చూసి, భుజం మీది తువ్వాల నేల మీద పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ ప్యాంట్ల కాళ్ళు తిరుగుతున్నా లెక్కచేయకుండా రెండు ప్లేట్ల ఇడ్లీ తిని, తేన్చి, తువ్వాల దులుపుకుని వెళ్ళాడు. ఇంకొక రోజు సుబేదారిలోని సర్కారు ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ప్లేటు తాను మోస్తే పరువు పోతుందని అటెండరును వెంట తెచ్చుకున్నాడు. అటెండరు సారు ప్లేటు తెచ్చి పెట్టాడు, తర్వాత తన ప్లేటు తెచ్చుకుని ఖాళీ ఉన్న ఒకే ఒక్క బల్ల దగ్గరకు, అంటే సారుకు ఎదురుగానే, వచ్చి నిలబడ్డాడు. ఇద్దరి మోచేతులూ ఒకే రాతి మీద. సారు వడ గబగబా మింగి నీళ్ళు కూడా తాగకుండా పోయాడు. అటెండరు మాత్రం నింపాదిగా తిన్నాడు. ఆ హోటల్ నాకు అప్పుడే నచ్చేసింది.

ఇక మా ఇంటి సంగతి. మాది జంపఖానాలు నేసే ఇల్లు. బాపుది గుంట మగ్గం. నడుము దాకా గుంటలో దిగి, కాళ్ళతో తొక్కుతూ నేసే మనిషి మాటిమాటికీ లేవలేడు, అది నిజమే. నీళ్ళయినా, చాయ్ అయినా, తెగిన నూలు పోగయినా ఒకరు అందించాలి. ఆ ఒకరు మా అమ్మ. అయితే గుంటలోంచి బయటికి వచ్చాక కూడా మా బాపు గుంటలో ఉన్నట్టే ఉండేవాడు. మంచం మీద కూర్చుంటే నీళ్ళ కుండ మూరెడు దూరంలో ఉండేది. అయినా "ఏమే, నీళ్ళు!" అని కేకేసేవాడు. అమ్మ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ మూరెడు దూరం గ్లాసు నడిపించేది. బాపు చెడ్డవాడని కాదు. అమ్మ మీద చెయ్యెత్తగా నేనెన్నడూ చూడలేదు. ఆయనకు ఆ మూరెడు దూరం కనిపించేది కాదు, అంతే. వాళ్ళ అమ్మ, అంటే మా నాయనమ్మ, ఆయన్ని అట్లాగే పెంచింది.

అమ్మ పొద్దంతా రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుట్టేది. మధ్యలో వంట. ఆదివారం దోసెలు. మొదటి మూడు బాపుకు, తర్వాత నాయనమ్మకు, తర్వాత నాకు, మళ్ళీ బాపుకు. ఆమె వంతు వచ్చేసరికి పొయ్యిలో నిప్పు సగం చచ్చేది. మిగిలిన పిండంతా ఒకే దోసెగా మందంగా పోసి, దాని మీద మూత పెట్టి, గిన్నెలు కడిగి, ఇల్లు ఊడ్చి, ఎప్పుడో తినేది. ఒక ఆదివారం నేను ఊరికే అడిగాను.

"అమ్మా, నువ్వు వేడివేడి దోసె ఎప్పుడు తిన్నవే?"

అమ్మ రాట్నం ఆపి నిజంగానే ఆలోచించింది. "మా తల్లిగారింట్ల తిన్న బిడ్డా. పెండ్లి గాకముందు" అంది. మళ్ళీ రాట్నం తిప్పింది.

బాధగా చెప్పి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదేమో. పక్కింటి వాళ్ళ పెరట్లో ఎన్ని కోళ్ళున్నాయో చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకప్పుడు పదిహేడేళ్ళు. ఆమె వేడి దోసె తిని నా వయసు కంటే ఎక్కువైంది. నాకసలే ముక్కు మీద కోపం. ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఇంకొకరు పోసిన దోసె, పెనం మీంచి దిగింది దిగినట్టు మా అమ్మ తినాలి. అది ఆ కొత్త హోటల్లోనే కావాలి. నాకు అప్పుడు పరీక్షలో పాసవడం కంటే అదే పెద్ద పట్టుదలైంది.

అవకాశం నూలు రూపంలో వచ్చింది, అంటే నూలు రాకపోవడం రూపంలో. నేతగాళ్ళ సంఘం నుంచి నూలు అందక మూడు రోజులు వాడంతా మగ్గాలు ఆగిపోయాయి. పని లేక బాపు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నేను వెంటపడ్డాను. తిట్టాడు, విసుక్కున్నాడు, చివరకు "సరే, పోదాం పాండ్రి" అన్నాడు. నాయనమ్మను ఎవరూ పిలవలేదు. "నిలబడి తినేటోళ్ళను నేను గూడ జర జూడాలె" అని అందరికంటే ముందు తయారై కూర్చుంది. బస్సులో అమ్మ పక్కన కూర్చుని నేను మొత్తం వివరించాను. టోకెన్, నంబరు, కౌంటర్, ఎవరిది వాళ్ళు తెచ్చుకోవడం. అమ్మ బడిపిల్లలా తలూపింది.

లోపలికి వెళ్ళగానే అమ్మ కొంగు తల మీదికి లాక్కుని "పరద యాడున్నదే?" అని నా చెవిలో అడిగింది. లేదన్నాను. నాయనమ్మ ఒకసారి హోటలంతా కలియజూసి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని కాళ్ళు చాపింది. బాపు ఒక బల్ల మీద మోచెయ్యి పెట్టి "నాలుగు దోసెలు!" అని కేకేశాడు. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. ఇంకోసారి కేకేశాడు. కౌంటర్లో ఆయన మర్యాదగానే చెప్పాడు.

"అన్నా, ఈడ టోకెన్ తీసుకోవాలె. ఎవలది వాళ్ళే తెచ్చుకోవాలె."

బాపు మొహం చూడాలి అప్పుడు. హోటల్ వాళ్ళు ఆయన్ని మగ్గం గుంటలోంచి చెయ్యి పట్టి బయటికి లాగినట్టయింది. అయినా ఆయన దగ్గర ఒక ఉపాయం ఉండనే ఉంది. అమ్మ వైపు తిరిగి "నువ్వు పోయి పట్కరా" అన్నాడు.

నేను నాలుగు టోకెన్లు తీసుకుని నంబర్లు చదివి చెప్పేసరికి అమ్మ ప్లేట్ల కోసం వెళ్ళింది. నేను వెంటపడి "నేను తెస్త, నువ్వు నిలబడు" అంటే చెవిన వేసుకోలేదు. నలుగురి మధ్య ఆమెకు బెరుకు పోవాలంటే చేతిలో పని ఉండాలి. పని దొరికేసరికి మనిషి హుషారైంది. బాపు దోసె తెచ్చింది. నాయనమ్మది తెచ్చి నేల మీద పెట్టింది. నాది తెచ్చింది. నాలుగో నంబరు పిలిచేసరికి నాయనమ్మ చట్నీ అడిగింది. చట్నీ తెచ్చేసరికి బాపు నీళ్ళన్నాడు. నీళ్ళు తెచ్చేసరికి నాయనమ్మకు సాంబారు కారమైంది, చక్కెర కావాలంది. ఆ నాలుగో ప్లేటు కౌంటర్ మీద అట్లాగే ఉంది. వంటమనిషి దాన్ని రెండుసార్లు పక్కకు జరిపాడు. అమ్మ దాని దగ్గరికి చేరేసరికి దోసె మెత్తబడి ప్లేటుకు అతుక్కుపోయింది. ఆమె దాన్నే నాలుగు ముక్కల్లో మింగి, నాయనమ్మ వదిలేసిన అంచు కూడా తిని, "మంచిగున్నది" అంది.

ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చి, ఇంకొకరి పొయ్యి, ఇంకొకరి పెనం, ఇంకొకరి పిండి పెట్టుకుని కూడా అమ్మ మా ఇంట్లోనే తిన్నట్టు తింది.

అసలు గొడవ ఆ తర్వాత జరిగింది. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అమ్మ కనిపించలేదు. చూస్తే చేతులు కడిగే నల్లా దగ్గర ఉంది. మా నాలుగు ప్లేట్లు కడిగి గోడకు బోర్లించింది. అంతటితో ఆగలేదు. పక్క బల్ల మీద ఎవరో వదిలేసి పోయిన రెండు ప్లేట్లు కూడా తెచ్చి రుద్దుతోంది. చెయ్యి కడుక్కోవాల్సిన వాళ్ళు వెనక వరుసగా నిలబడి ఉన్నారు. ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలన్నప్పుడు ఎవరిది వాళ్ళు కడుక్కోవద్దా మరి? ఎంగిలి ప్లేటు బల్ల మీద వదిలేసి పోవడం మా అమ్మకు ఊహకందని సంగతి. ఆ పక్క బల్ల వాళ్ళు మరిచిపోయారని, పాపం, వాళ్ళవి కూడా కడిగింది.

"అమ్మా, అవి మేం కడుగుతం, ఇడిసిపెట్టుండ్రి" అని కౌంటర్లో ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అది చూసి ఇంకొకరు. కాసేపటికి హోటల్ సగం నవ్వింది. అమ్మ తడిచేతులు అట్లాగే గాల్లో పెట్టుకుని నిలబడింది. బాపుకు తలకొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే తీర్పు చెప్పాడు.

"ఇగ ఈ ఇంట్ల హోటల్ పేరెత్తద్దు. ఇజ్జత్ తీసిండ్లు."

"ఇజ్జత్ తీసింది ఎవలు? నీ దోసె నువ్వు తెచ్చుకోను కాళ్ళు లేవా నీకు?" అని ఒంటికాలి మీద లేచాను. ఇంట్లో ఎవరూ బాపుతో అట్లా మాట్లాడలేదు అంతవరకు. నాయనమ్మ కూడా నోరెళ్ళబెట్టింది. తిట్టింది మాత్రం అమ్మే. "బాపును గట్లంటవా? తప్పు నాది. నాకు తెల్వక కడిగిన" అని మూతి ముడుచుకుంది. ఆమె కోసం కొట్లాడుతుంటే ఆమే నన్ను తిడుతుంది. తల ప్రాణం తోకకొచ్చింది నాకు.

మూడో రోజో నాలుగో రోజో, నూలొచ్చి మగ్గాలు మళ్ళీ ఆడుతున్నప్పుడు, అమ్మ కండెలు చుడుతూ తనలో తాను అనుకున్నట్టు అంది. "ఆ పెనం ఎంత పెద్దగున్నదే! ఒక్కపారే ఆరు పోసిండు. నీళ్ళు చల్లంగనే సుయ్యిమన్నది. అంచులు ఎర్రగ అయినంక గాని తీస్తలేడు."

నేను తలెత్తి చూశాను. అన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతూ కూడా అమ్మ ఆ పెనం వైపే చూసిందన్నమాట. "నా నంబర్ పిలిచినప్పుడు పొగలు వస్తుండె" అని ఇంకో మాట అంది. ఆ మాట అన్నాక ఎందుకో సిగ్గుపడి, మగ్గం చప్పుడు వైపు ఒకసారి చూసి మళ్ళీ రాట్నం తిప్పింది. ఆమెకూ ఆ దోసె కావాలని నాకు అప్పుడు అర్థమైంది. అప్పటి దాకా అది నా పంతమే అనుకున్నాను.

కాని బాపు మాట బాపుదే. నెలలు గడిచాయి. నా ఇంటర్ అయిపోయింది. డిగ్రీలో చేరడానికి ఏదో సర్టిఫికెట్ కావలసి వచ్చి సుబేదారిలో ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చింది. పెద్దవాళ్ళెవరైనా వచ్చి సంతకమో వేలిముద్రో పెట్టాలన్నారు. బాపు నేసిన జంపఖానాలు ఆ రోజే హన్మకొండలోని సంఘంలో ఇవ్వాలి. "నువ్వు బిడ్డతోని పో. నేను సంఘంల సరుకిచ్చి చౌరస్తకు వస్త. బస్సు కాడ ఉండుండ్రి" అని అమ్మకు చెప్పాడు.

మా పని తొందరగా అయిపోయింది. మధ్యాహ్నానికి చౌరస్తా చేరి బస్సు ఆగేచోట నిలబడ్డాం. బాపు జాడ లేదు. ఎదురుగా హోటల్. పొద్దున్నుంచి ఇద్దరం ఏమీ తినలేదు. రోడ్డుకు ఈవలి దాకా దోసె వాసన వస్తోంది.

"పా అమ్మా" అన్నాను.

"మీ బాపు వస్తడు."

"రానీ."

"మొన్న నవ్వినోళ్ళు ఉంటరేమో."

"వాళ్ళు ఇన్ని నెలల సంది నీ కోసమే నిలబడి ఉన్నారా ఆడ? ఎవల తిండి ఫికర్ వాళ్ళకుంటది."

అమ్మ నవ్వలేదు. రోడ్డు దాటి వచ్చి అద్దాల దగ్గర చాలాసేపు నిలబడింది. లోపల వంటమనిషి పెనం మీద నీళ్ళు చల్లి చీపురుతో తుడుస్తున్నాడు. అది చూసి ఆమె కొంగు నడుముకు దోపుకుంది. పొద్దున్నే రాట్నం ముందు కూర్చునే ముందు చేసినట్టే. నేను టోకెన్ కోసం ముందుకు నడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు ఈడ్నే ఉండు. నాది నేనే తెచ్చుకుంట. నీది నువ్వు తెచ్చుకో తర్వాత" అంది.

వెళ్ళింది. వరుసలో నిలబడింది. "ఒక్కటే దోసె" అని అడగడం నాకు వినిపించింది. నేను పుట్టి పెరిగిన ఇన్నేళ్ళలో మా అమ్మ ఎవరినైనా ఏదైనా ఒక్కటి అడగడం, అదీ తన కోసం అడగడం నేను వినలేదు. టోకెన్ మీద నంబరు చదవడం రాదు కనుక కౌంటర్ ఆయన్నే చదివించుకుని, ఆ నంబరును నోట్లో అనుకుంటూ వంటగది ముందు నిలబడింది. పిలవగానే "నాదే!" అంది. కొంచెం గట్టిగానే అంది. వంటమనిషి దోసె ప్లేట్లో వేసి "అమ్మా, చట్నీ ఇంకొంచెం ఎయ్యాల్నా?" అని అడిగాడు. తినబోయే ముందు ఆమెను ఎవరో ఏం కావాలని అడిగారు. "ఎయ్యి బిడ్డా" అంది.

ప్లేటును రెండు చేతులతో, అమ్మవారి బోనం ఎత్తినంత భద్రంగా పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. దోసె మీంచి ఆవిరి లేస్తోంది. ముక్క తుంచబోయి వేళ్ళు కాల్చుకుని, ఊదుకుని, "కాలుతాంది!" అని నా వైపు చూసి నవ్వింది. ముక్క చట్నీలో అద్ది నోట్లో పెట్టుకుంది. నేను ఆమె దవడలనే చూస్తూ నిలబడ్డాను. నాకు ఆకలి పోయింది. అంత సంతోషం నాకు ఇంటర్ పాసయినప్పుడు కూడా కలగలేదు.

మూడో ముక్క తుంచుతుండగా బాపు తలుపు దగ్గర కనిపించాడు. బస్సు ఆగేచోట మేము లేకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చి ఉంటాడు. తల మీద నూలు పోగులు, చంకలో ఖాళీ సంచి. నన్ను చూశాడు, అమ్మను చూశాడు. కోపంగా ఉన్నాడో ఆశ్చర్యపోయాడో తెలియలేదు. వచ్చి మా బల్ల దగ్గర నిలబడి మోచెయ్యి రాతి మీద పెట్టాడు.

"ఆకలైతాంది" అన్నాడు. ఎవరితోనని కాదు, ఎప్పుడూ అనేటట్టే.

అమ్మ చేతిలో ముక్క ప్లేట్లోకి జారింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఒక అడుగు బల్ల నుంచి వెనక్కి కూడా వేసింది. అంతా అయిపోయిందనుకున్నాను. అమ్మ ప్లేటు వైపు చూసింది. దోసె మీంచి ఇంకా ఆవిరి వస్తోంది. ఆ ఆవిరిని ఒక్క క్షణం చూసి, వెనక్కి వేసిన అడుగు ముందుకు వేసి, మళ్ళీ ముక్క తీసుకుంది.

"గాడ టోకెన్లు ఇస్తాండ్లు. పోయి తెచ్చుకో" అంది. గొంతులో కోపం లేదు, భయం లేదు. "నాది సల్లారుతది, నేను తింట."

బాపు నా వైపు చూశాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాను. ఎవరూ కదలకపోయేసరికి ఆయన సంచి బల్ల మీద పెట్టి, మెల్లగా నడిచి వెళ్ళి వరుస చివర నిలబడ్డాడు. మధ్యాహ్నం కదా, వరుస పెద్దదే. ముందున్న ఆయన్ని ఏదో అడిగాడు, ఆయన చెయ్యి చూపించి చెప్పాడు. హోటల్లో ఒక్కరు కూడా నవ్వలేదు. ఒక మొగాయన తన తిండి తాను తెచ్చుకోవడం అక్కడ ఎవరికీ వింత కాదు.

అమ్మ తొందరపడలేదు. ఎర్రగా కాలిన అంచును చివరికి ఉంచుకుని తింది. చట్నీ వేలితో తుడిచి నాకింది. ప్లేటు ఖాళీ అయింది, బాపు ఇంకా టోకెన్ దాకా చేరలేదు. ఆయన కంటే ముందు ఆమె తినడం నేను చూడటం అదే మొదటిసారి.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చింది. నా దగ్గరికి వస్తుందనుకుంటే నేరుగా వెళ్ళి వరుసలో నిలబడింది, బాపు వెనకే. ఆయన తిరిగి చూశాడు. మొహం విప్పారింది.

"నాకా?" అన్నాడు.

"కాదు" అంది అమ్మ. "నాకే. ఇంకోటి."